తొట్టిలో పిడికెడు గడ్డి

అనగా అనగా, గోదావరి రెండు పాయలై చీలి మళ్ళీ ఒక్కటయ్యే చోట ఓ లంక ఊరుండేది. ఊరి నడుమ పెంకుటిల్లంత చర్చి. ఆ చర్చికి ఓ చక్కని ఆచారం ఉండేది.

క్రిస్మస్ నెల రాగానే లోపల తాటాకుల పాక వేసి, అందులో చెక్క తొట్టి పెట్టేవారు. ఇంటికో పిడికెడు కొత్త గడ్డి తెచ్చి, ప్రార్థన చేసి, ఆ తొట్టిలో పరిచేవారు. పండగనాడు పొద్దు పొడిచే వేళ బాలయేసు బొమ్మను గడ్డి మీద పడుకోబెట్టే భాగ్యం సలోమమ్మది. పొనికి చెక్కతో ఆ బొమ్మను చెక్కింది ఆవిడ తాతే మరి. జానెడు బొమ్మ, రంగు కూడా వెలిసిపోయింది. అయినా సలోమమ్మకు అదంటే ప్రాణం.

ఆ ఏడు పంటలు విరగపండాయి. ఇహ చూడాలి ఊరి సంబరం! అరిసెల పాకం చూసేది సలోమమ్మే, నక్షత్రాలు కట్టించేది సలోమమ్మే, ఇంటింటి కొత్త చీరలకు రంగులు ఎంచేదీ సలోమమ్మే. ఆవిడ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. అంత సందడిలో పిడికెడు గడ్డి ఎవరికి గుర్తుంటుంది? ఒకరు జరీ గుడ్డ తెచ్చారు, ఒకరు తళుకు కాగితాలు తెచ్చారు, మరొకరు బుట్టెడు బంతిపూలు తెచ్చారు. అన్నీ తొట్టిలోనే పోశారు.

పండగ ముందురోజు మధ్యాహ్నం, బొమ్మకు కొత్త పొత్తిగుడ్డ చుడదామని సలోమమ్మ దాన్ని దాచే పెట్టె తెరిచింది. పెట్టెలో పాత గుడ్డ ఉంది. బొమ్మ లేదు.

ఆవిడ కంగారుగా ఇల్లంతా గాలించింది. పాక వేసిన రోజున బొమ్మను చంకలో పెట్టుకు తిరిగినట్టు లీలగా గుర్తు. ఆ తర్వాత ఎక్కడ పెట్టిందో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఏడుపొక్కటే తక్కువ.

సంగతి విని పడవ వర్తకుడు శీనయ్య వచ్చాడు. తన దగ్గర పట్నం బొమ్మ ఉందనీ, ఊరికే ఇస్తాననీ, ఎవరూ పోల్చుకోలేరనీ అన్నాడు. సలోమమ్మ వద్దంది. చెల్లెలు దీవెనమ్మ ఇంకో ఉపాయం చెప్పింది. మరిన్ని పూలు పోసి, స్వామి లోపలే ఉన్నాడని చెబితే సరిపోతుందట. సలోమమ్మ దానికీ తల ఊపలేదు. చివరికి ఆవిడ మనసే చెవిలో గొణిగింది, నేరం ఎలకల మీదికి తోసెయ్యమని.

"పుట్టినరోజు ఆయనది. ఆయన ముందు నిలబడి అబద్ధమాడనా?" అని తనను తానే గదమాయించుకుంది సలోమమ్మ.

తెల్లవారింది. కొత్త బట్టల్లో ఊరంతా చర్చికి వచ్చింది. సలోమమ్మ ఒట్టి చేతులతో పాక ముందు నిలబడింది.

"బొమ్మను నేనే పోగొట్టాను. అరిసెలు గుర్తున్నాయి, చీరలు గుర్తున్నాయి. ఆయన్ని ఎక్కడ దించానో గుర్తులేదు. నన్ను క్షమించండి," అంది.

అందరూ సంఘపెద్ద ఏసోబు వైపు చూశారు. ఆయన కోప్పడతాడనుకున్నారు. ఆయన మెల్లగా లేచి, తొట్టి మీదున్న తన జరీ గుడ్డ తీసి మడిచాడు.

"నేనూ ఈ ఏడు గడ్డి తేలేదమ్మా," అంటూ బయటి గడ్డివాము వైపు నడిచాడు.

ఆ మాట అందరికీ తగిలింది. ఒక్కొక్కరే లేచారు. ఎవరి తళుకులు వాళ్ళు తీసేశారు, ఎవరి పూలు వాళ్ళు ఎత్తేశారు. సలోమమ్మ వంగి, అడుగున మిగిలిన బంతిపూలు దోసిలితో తీసింది. ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి.

అడుగు చెక్క మీద పడుకుని ఉన్నాడు బాలయేసు! నుదుటి మీద బంతిరేకు ఒకటి అంటుకుని ఉంది. అప్పుడు గుర్తొచ్చింది సలోమమ్మకు. తొట్టి సరిపోతుందో లేదో చూద్దామని మొదటిరోజే ఆయన్ని అందులో పడుకోబెట్టింది. నిచ్చెన పట్టుకోమని ఎవరో పిలిస్తే వెళ్ళింది, మళ్ళీ తిరిగి రాలేదు.

ఆయన ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్ళూ ఇక్కడే, వీళ్ళందరి సందడి కిందే ఉన్నాడు.

నది మీద పొడిచిన సూర్యుడు చర్చి కిటికీలోంచి, తాటాకుల సందుల్లోంచి వచ్చి ఆ చిన్న ముఖం మీద నిలిచాడు. సలోమమ్మకు ఒళ్ళు పులకరించింది, భయమూ ఆనందమూ ఒక్కసారే కమ్ముకొచ్చాయి. మోకాళ్ళ మీద వాలిపోయింది. ఆవిడ వెనక ఊరంతా మోకరించింది. ఏసోబు తెచ్చిన పిడికెడు గడ్డిని సలోమమ్మ ఆ బాలుడి కింద సర్దింది.

పిల్లలూ, పండగకు ఎన్ని తెచ్చుకున్నా తప్పులేదు, ఆ పండగ ఎవరిదో ఆయనకు ముందు చోటివ్వాలి.