తొలకరికి మారు

మాల్యాద్రి హోటల్లో భోంచేసినవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఫొటోలు దిగుతారు. "ఇలాంటిది జన్మలో చూడలేదు" అంటారు. అన్నీ అయ్యాక లిఫ్టెక్కి కిందికి దిగిపోతారు. రెండోసారి మాత్రం ఒక్కరూ రారు.

హోటలంటే అలాంటిలాంటి హోటలు కాదు. పేరు రుచిరంగం. హైదరాబాదులో ఒక అద్దాల మేడ మీద పద్దెనిమిదో అంతస్తు. అక్కడికెళ్ళి పూరీ ఉందా అని అడిగితే కళ్ళు పోతాయి. ఒకే ఒక్క పొడుగాటి బల్ల, దాని చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ ఒకేసారి మొదలై ఒకేసారి ముగిసే పదకొండు అంకాల భోజనం. అంకమంటే నిజంగా అంకమే. దీపాలు ఆరిపోతాయి, పొగ లేస్తుంది, ఎక్కడో పిడుగు పడుతుంది. ఆ హడావిడంతా సద్దుమణిగాక పళ్ళెంలో గోళీకాయంత పదార్థం ఒకటి ప్రత్యక్షమవుతుంది. తెర వెనక మైకులోంచి మాల్యాద్రి గొంతు దాని జన్మవృత్తాంతం మొదలెడుతుంది. వృత్తాంతం సగంలో ఉండగానే గోళీ కడుపులో ఉంటుంది.

కొత్తలో జనం విరగబడ్డారు. చూడాలనుకున్నవాళ్ళంతా చూసేశారు. ఇప్పుడు బల్ల దగ్గర కుర్చీలే ఎక్కువ, మనుషులు తక్కువ. భాగస్వామి సుచరిత మంచి మనిషి, గట్టిగా ఒక్క మాటా అనలేదు. "దీపావళి దాకా చూద్దాం మాల్యాద్రీ. అప్పటికీ ఇంతే అయితే ఇక్కడ జిమ్ పెట్టేద్దాం," అంది. అద్దాల మేడలో జిమ్ బాగానే నడుస్తుంది. పద్దెనిమిదో అంతస్తు దాకా మెట్లెక్కి వస్తే సగం కసరత్తు దారిలోనే అయిపోతుంది.

మాల్యాద్రికి నవ్వు రాలేదు. బస్సెక్కి పెన్న ఒడ్డుకి పోయాడు.

దేశాలు తిరిగి నేర్చుకున్న వంట సంగతి అలా ఉంచితే, అతను మొదట గరిటె పట్టింది ఆ ఒడ్డునున్న చెంచమ్మ తల్లి ఆశ్రమంలో. అక్కడ ఒక పద్ధతుంది. వండినవాడే వడ్డించాలి. గిన్నె చేత్తో పట్టుకుని పంక్తి వెంట వంగి వంగి నడవాలి. తల్లి ఏ వంటనీ మెచ్చుకోదు, తిట్టదు. నచ్చితే మారు అడుగుతుంది. ఆ ఒక్క మాట కోసం శిష్యులు ఏళ్ళకేళ్ళు కాచుకుంటారు. మాల్యాద్రి అక్కడ ఉన్నన్నాళ్ళూ కాచుకున్నాడు. దక్కలేదు.

అతను వెళ్ళేసరికి తల్లి అరుగు మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. ముందు పన్ను ఒకటి లేదు. నవ్వు మొదలవగానే ఆ సందులోంచి ముందుగా గాలి బయటికొస్తుంది.

"అమ్మా, నా వంటలో లోపమేందో చెప్పు. అందరూ చప్పట్లు కొడతారు. మళ్ళీ ఎవరూ రారు."

"అన్నం తిన్నాక చప్పట్లా?" తల్లి ఆకు వలవడం ఆపేసింది. "ఇన్నేళ్ళలో మన పంక్తిలో ఒక్కడూ కొట్టలేదే అబ్బయ్యా!"

"అది వేరమ్మా."

"వేరే, వేరే," అని ఒప్పుకుంది. "సరేగానీ, మారు ఎవురన్నా అడిగారా?"

మాల్యాద్రి కాస్త నిటారుగా కూర్చున్నాడు. "మా దగ్గర మారు ఉండదమ్మా. అంతా కొలత. పదకొండూ కలిస్తేనే ఒక భోజనం. మధ్యలో ఒకటి రెండోసారి పెడితే లయ చెడిపోతుంది."

"అబ్బో! మరి తినేటప్పుడు వాళ్ళ మొకాలు ఎట్టుంటాయి?"

"చీకట్లో ఏం కనపడతాయమ్మా? నేను తెర వెనకుంటాను. పొగా, దీపాలూ, ఉరుములూ అన్నీ నేనే చూసుకోవద్దూ?"

తల్లి గోంగూర కాడ ఒకటి అతని మోకాలి మీదికి విసిరింది. "నాకూ ఒక కుర్చీ యేస్తావా?"

ఆ ఆదివారం మధ్యాహ్నం తల్లి రుచిరంగానికి వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే, "ఇంత పైకి కాలు కదపకుండా తెచ్చేశావే! పుణ్యం చెయ్యకపోయినా స్వర్గానికి రావచ్చన్నమాట," అంది. లోపల పట్టపగలే నల్లటి పరదాలు దించి మాల్యాద్రి అర్ధరాత్రి చేసి పెట్టాడు. తల్లికి పరదాల పక్కన, గోడవైపు కుర్చీ ఇచ్చారు. ఆమె పక్కన నీలం చొక్కా పెద్దమనిషి ఒకాయన. ఎదురుగా కొత్తగా పెళ్ళయిన జంట. ఇంకా అటూ ఇటూ కొందరు. అందరూ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు వీపులు వాల్చకుండా కూర్చున్నారు.

మాల్యాద్రి తెర వెనక్కి పోయి మీటల ముందు నిలబడ్డాడు. ఒక్కొక్క మీటనీ రెండేసి సార్లు సరిచూసుకున్నాడు. పెద్ద పెద్ద విందులకి కూడా అలా చూసుకోలేదు.

"మొదటి అంకం. తొలకరి," అన్నాడు మైకులో.

పొగమబ్బు బల్ల మీద పాకింది. ఉరిమింది. ఒక్కొక్కరి ముందు గరిటెలో నల్లటి గోళీ ఒకటి దిగింది. చిక్కటి ఉలవచారు, సన్నటి పొరలో బంధించి పెట్టింది. నోట్లో వేసుకుని నాలుకతో అదిమితే టప్పున పగిలి చారంతా ఒక్కసారి కురుస్తుంది.

"అమ్మో! పగిలిందే!" చీకట్లో తల్లి కేక. తర్వాత గాలి, ఆ తర్వాత నవ్వు. ఎవరో కిసుక్కుమని, వెంటనే ఆపుకున్నారు.

తెర వెనక మాల్యాద్రి చెవి ఒగ్గాడు. ఆ కేక మంచిదో చెడ్డదో తెలియలేదు. తెలుసుకునే మీట ఆ బోర్డు మీద లేదు.

రెండో అంకం సముద్రం. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు తగిలించి అలల హోరు వినిపించారు. "సముద్రం మా ఊరి పక్కనే ఉండాది," అంటోంది తల్లి గొంతు. "పాపం, తినేటప్పుడు ఇట్టా చెవిలో దూరదు." మూడో అంకం మట్టి. బుల్లి పూలకుండీలో మాడ్చిన నువ్వుల పొడి, అందులో నాటిన చిటికెన వేలంత క్యారెట్టు. ఆ తర్వాత గాలి వచ్చింది, నిప్పు వచ్చింది, ఇంకేవో వచ్చాయి. అన్నీ వచ్చినట్టే వెళ్ళాయి.

"ఇప్పుడు ఎనిమిదో అంకం," అన్నాడు మాల్యాద్రి గొంతు తగ్గించి. "ఇది మౌనం. దయచేసి ఎవరూ..."

"అబ్బయ్యా," అంది చీకటి. "ఆ మొదటి దానికి మారు ఉండాదా?"

మాల్యాద్రి మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా కాచుకున్న మాట, ఎంచక్కా మౌనం మధ్యలోకొచ్చి పడింది.

"అమ్మా..." అన్నాడు మైకులోనే. "మారు ఉండదని మనవి చేశాను గదా."

"ఆకాశవాణి పలికిందయ్యో," అంది తల్లి పక్కవాళ్ళతో. "మారు లేదంట. దేవుడు ఇంతే, మాట్లాడతాడుగానీ వడ్డించడు."

ఈసారి ఎవరూ నవ్వు ఆపుకోలేదు.

మాల్యాద్రి వంటింట్లోకి పరుగెత్తాడు. పొగ అయిపోయింది. ఉరుము వేద్దామంటే మీటల దగ్గర మనిషి లేడు. చారు మాత్రం గిన్నెలో ఇంకా ఉంది. గోళీలు చేసే పనివాణ్ణి పక్కకి జరిపి తనే చేశాడు. ఒకటి చేస్తే చాలు. ఎందుకో చెయ్యి ఆగలేదు, బోలెడు చేశాడు. వాటిని స్టీలు గిన్నెలో వేసుకుని, చిల్లుల గరిటె తీసుకుని, ఈ హోటలు తెరిచాక మొదటిసారి భోజనం జరుగుతుండగా తెర దాటి బయటికొచ్చాడు.

వచ్చి, ఆగిపోయాడు. ఏమీ కనపడటం లేదు.

"ఎక్కడున్నావమ్మా?"

"ఈణ్ణే. చూసుకుని రా నాయనా, నా ముక్కులో వడ్డించేవు." కుర్చీ కిర్రుమంది. "ఈ తాడు దేనిదో?"

"అమ్మా, అది లాగొద్దు..."

సర్రుమని పరదా పైకి పోయింది. మధ్యాహ్నపు ఎండ అద్దాల్లోంచి తిన్నగా బల్ల మీద పడింది.

అందరూ కళ్ళు చిట్లించారు. మాల్యాద్రి కూడా. చూపు కుదురుకున్నాక అతనికి తన భోజనం మొదటిసారి కనిపించింది.

కొత్త పెళ్ళికూతురు పూలకుండీలోని మట్టినంతా పేపరు రుమాలు కింద కప్పెట్టి, దాని మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆమె మొగుడి కళ్ళు నిప్పు అంకం పొగకి ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. చివరి కుర్చీలో ఒకావిడ తొలకరి గరిటెను ఇంకా వదల్లేదు. ఎవరూ చూడరనే ధైర్యంతో దాన్ని నాకుతూ దొరికిపోయింది. ఇక నీలం చొక్కా పెద్దమనిషి. ఆయన చెవుల మీద హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి.

మాల్యాద్రి ఆయన దగ్గరికి వంగి సైగ చేశాడు. ఆయన ఒక చెవి ఖాళీ చేసుకుని భయం భయంగా, "ఇవి తీసెయ్యొచ్చా అండీ?" అన్నాడు. "ఎవరూ చెప్పలేదని ఉంచేశాను. రెండో అంకం నుంచీ సముద్రంలోనే ఉన్నాను. తర్వాతివన్నీ ఏమిటో ఒక్క ముక్క వినపడలేదు."

"అయ్యో! తీసెయ్యండి సార్, తీసెయ్యండి!"

పెళ్ళికూతురి మొహం కందిపోయింది. మోచెయ్యి తీసి, "సారీ అండీ. అన్నీ బాగున్నాయి. ఇది కొంచెం..." అని నసిగింది.

"కొంచెం?"

"మట్టిలాగే ఉందండీ."

అదేనండీ నా ఉద్దేశం, అనబోయాడు మాల్యాద్రి. మాట పెదవుల దాకా వచ్చింది. దాన్ని మింగేసి, రుమాలు కిందనుంచి చిటికెడు పొడి తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు.

"అవునమ్మా," అన్నాడు. "మట్టే."

ముందుగా పగలబడి నవ్వింది ఆ పిల్ల. తర్వాత బల్లంతా.

తల్లి మాత్రం ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు అరచెయ్యి చాపుకుని కూర్చుంది. మాల్యాద్రి వంగాడు. వంగడం నడుముకి ఇంకా గుర్తుంది. గోళీ ఒకటి ఆ ముడతల అరచేతిలో పెట్టాడు. తల్లి దాన్ని ఎండకి ఎత్తి చూసి నోట్లో వేసుకుంది. దవడ కదిలింది. కళ్ళు మూతపడ్డాయి. పగిలిన క్షణం ఆమె మొహం మీద కనిపించింది, చినుకు పడ్డ నేల మీద కనిపించినట్టు. ఉరుము లేకపోయినా.

చారు కారి గడ్డానికి అంటింది. తుడుచుకోలేదు.

మాల్యాద్రి గిన్నె పట్టుకుని పక్క కుర్చీకి జరిగాడు. నీలం చొక్కాయన మొహమాటంగా అటూ ఇటూ చూశాడు. "పద్ధతి కాదేమో. నాక్కూడా..."

"వేసుకోండి సార్. ఇంకోటి. ఇంకొక్కటి, నా మాట విని," అంటున్నాడు మాల్యాద్రి. ఏ దేశంలోనూ నేర్పని మాటలు, ఎక్కడ దాక్కున్నాయో ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తున్నాయి. గరిటె నాకిన ఆవిడని అతను అడగను కూడా లేదు, మూడు వేశాడు. ఆవిడ వద్దనలేదు. కళ్ళు తుడుచుకుంటున్న పెళ్ళికొడుకుని మాత్రం ఆగి అడిగాడు. "ఆ పొగ ఎక్కువైందా బాబూ?" "కొంచెం అండీ." "కొంచెమా?" "చాలా అండీ."

గిన్నె ఖాళీ అయింది. మళ్ళీ లోపలికి పోయి నింపుకొచ్చాడు. మిగతా అంకాలు మైకు లేకుండానే వచ్చాయి. తనే ఒక్కొక్కటీ మోసుకొచ్చి, తనే వడ్డించి, పక్కనే నిలబడ్డాడు. మౌనం అనే ఎనిమిదో అంకం దగ్గర బల్ల మీద జరిగినంత గోల ఆ అంతస్తులో ఎప్పుడూ జరగలేదు. అడిగి పెట్టించుకునేవాళ్ళు, వద్దని చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు, అడ్డం పెట్టిన వేళ్ళ సందుల్లోంచి వేయించుకునేవాళ్ళు. గుమ్మం దగ్గర నిలబడ్డ సుచరిత ఇదంతా చూసి, తను కూడా ఒక కుర్చీ లాక్కుంది.

"వచ్చే ఆదివారం మా అమ్మని తీసుకొస్తాను," అన్నాడు నీలం చొక్కాయన, నోట్లో గోళీతో. "పరదాలు తీసే ఉంచుతారు గదా?"

"ఉరుము కావాలా సార్?"

"ఉరుము ఉంచండి. ఉరుముంటే ఆవిడకి సరదా. సముద్రం వద్దు."

చివరి అంకం అయింది. అలవాటు కొద్దీ మాల్యాద్రి రెండు చేతులూ జోడించి బల్ల చివర నిలబడ్డాడు. రోజూ ఈ క్షణంలోనే చప్పట్లు మోగుతాయి.

మోగలేదు.

అతను ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత మెల్లగా తల్లి పక్కకి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతని మొహంలో ఏదో వెలుగుతోంది, ఎండ కాదు.

"అమ్మా, ఇవాళ ఎవరూ చప్పట్లు కొట్టలేదు."

"చూశానబ్బయ్యా," అంది తల్లి, ఒక చేత్తో గరిటె పట్టుకుని నాకుతూ, రెండో చెయ్యి గిన్నెలోకి చాపుతూ. "నాకూ చెయ్యి ఖాళీ లేదు."