పిస్తోలు వారింటి ఢాం

కొమ్మరపాలెంలో ఉన్న తెలివినంతా కొలిస్తే పది కుంచాలు తేలుతుంది. అందులో తొమ్మిది మా ఇంట్లోనే ఉన్నాయి. మిగిలిన ఒక్క కుంచాన్నీ ఊరంతా సర్దుకుంటోంది. ఇది నేనన్న మాట కాదు, మా తమ్ముడు నూకరాజు అన్నాడు. నూకరాజు తెలివైనవాడని నేనన్నాను. మా ఇద్దరి మాటా నిజమేనని మా ఆవిడ వరహాలమ్మ ఒప్పుకుంది. ఇంక రుజువెందుకు?

ఏటా మా ఊళ్ళో ఎడ్లబళ్ళ పందెం. అది మొదలవ్వాలంటే మా ఇంటి పిస్తోలు ఢాం అనాలి. ముత్తాత నాటి మర్యాద. ఆ పిస్తోలు కాస్తా తుప్పు తిని మూగబోయింది. ప్రెసిడెంటు బుల్లియ్య గారు కబురంపారు.

"గవర్రాజూ, ఈసారి పేలకపోతే డ్రిల్లు మాస్టారు విజిలేస్తాడు. ఇంక ఎప్పటికీ విజిలే."

విజిలా! మా వంశానికి బదులు విజిలా! వరహాలమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. మధ్యలో ఆరుసార్లు ఫలహారం చేసిందనుకోండి.

అంతే. పట్నం వెళ్ళాను, లైసెన్సు తెచ్చాను, తుపాకుల మేస్త్రి ఖాదరు గారి చేత అచ్చం ముత్తాత పిస్తోలు లాంటిదే కొత్తది చేయించాను. మూతిలోంచి తుపాకిమందు పోసి, గుడ్డ కూరి, పుల్లతో దట్టించి, వెనక నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగి టోపీ తగిలించి మీట నొక్కడమే. పందేనికి గుండు అక్కర్లేదు, చప్పుడు చాలు.

ఖాదరు గారిని వెంటబెట్టుకొచ్చి పెరట్లో మొదటిసారి పేల్చాను. ఏం చప్పుడది! మూడూళ్ళ కాకులు సముద్రం దాటేశాయి. ఒక మేఘం జడుసుకుని అక్కడికక్కడే కురిసేసింది. నేనూ కొంచెం జడుసుకున్నాను, కాదనను. కానీ వీరోచితంగా, గడ్డివాములో దూరి జడుసుకున్నాను.

ఖాదరు గారు వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "మందు మసి వదిలేస్తే ఇనుముని తినేస్తుంది. పేల్చిన రోజే వేణ్ణీళ్ళతో, సబ్బుతో కడగండి. ఆరాక నూనె రాయండి. పసిబిడ్డలా చూసుకోండి."

"పసిబిడ్డని చూసుకోవడం నాకు చెప్పాలా?" అంది వరహాలమ్మ.

ఇంకేముంది! పిస్తోలుకి నలుగు పెట్టింది, కుంకుడు రసంతో తలంటింది, సాంబ్రాణి వేసింది. కడుపునొప్పి రాకుండా ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టింది. ఊయల్లో వేసి జోల పాడింది. నూకరాజు దిష్టిచుక్క పెట్టాడు.

మర్నాడు పేల్చి చూస్తే తుస్! మూతిలోంచి ఆముదం కారింది.

"చొల్లు కారుస్తోందండీ! పళ్ళొస్తున్నాయేమో!" అని మురిసిపోయింది వరహాలమ్మ.

మళ్ళీ ఖాదరు గారి దగ్గరికి పరుగు. ఆయన నెత్తి కొట్టుకుని, లోపలంతా తుడిచి ఇచ్చాడు.

"మందు పోసేముందు ఉత్త టోపీ ఒకటి పేల్చండి. మూతి ముందు ఎండుటాకు పెట్టి చూడండి. ఆకు కదిలిందా, దారి శుభ్రంగా ఉన్నట్టు. ఇంక పేలుతుంది" అన్నాడు.

పందెం రోజొచ్చింది. పన్నెండు జతల ఎడ్లు కాళ్ళు దువ్వుతున్నాయి. ఆకు పెట్టి టోపీ పేల్చాను. ఆకు కదల్లేదు. నా గుండె మాత్రం కదిలింది.

"ఏమేవ్, మళ్ళీ ఏమన్నా పట్టావా?" అన్నాను.

"పొద్దున్నే ఒక్క చెంచాడండీ. ఎండలో తిరగాలి కదా, వేడి చేస్తుందనీ..."

నూకరాజు తొణకలేదు. "ఆకు కదిలితే పేలుతుందని కదా మేస్త్రి చెప్పింది? ఆ కదిలించడమేదో నేను చూసుకుంటానన్నయ్యా" అని విసనకర్ర తీసుకుని ఒక్క విసురు విసిరాడు. ఆకు ఎగిరి ప్రెసిడెంటు గారి మీసాల్లో చిక్కుకుంది.

"కదలడమేంటి, ఎగిరింది! అయితే రెండింతలు పేలుతుంది! అందరూ చెవులు మూసుకోండి!" అని అరిచాను.

జనమంతా చెవులు మూసుకున్నారు. మందు పోశాను, దట్టించాను, టోపీ పెట్టాను, ఆకాశం వైపు ఎత్తి నొక్కాను. టిక్.

"పేలిందా?" అన్నారొకరు.

"ఏమో, చెవులు మూసుకున్నాను" అన్నారింకొకరు.

డ్రిల్లు మాస్టారు జేబులోంచి విజిలు తీశాడు. పెదాల మీద పెట్టాడు. నా కళ్ళముందు మా ముత్తాత కనబడ్డాడు. ఆయన పక్కన ఆయన ముత్తాత కూడా నిలబడ్డాడు. అంతే, నోరు తెరిచి, "ఢాం!" అన్నాను.

ఎడ్లకి చేతుల్లేవు కదా, చెవులు తెరిచే ఉన్నాయి. పన్నెండు బళ్ళూ బాణాల్లా పోయాయి!

"ఇంక పిస్తోలెందుకయ్యా? ఏటేటా నీ నోరే పేల్చు. మాస్టారూ, విజిలు జేబులో పెట్టుకో" అన్నారు బుల్లియ్య గారు. మా మర్యాద దక్కింది.

వారం తిరక్కుండా ఎన్నికలొచ్చాయి. లైసెన్సున్న ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలని దండోరా వేశారు. మేం ముగ్గురం కూర్చుని ఆలోచించాం.

"పేలనిదాన్ని ఆయుధమంటారా వదినా?" అన్నాడు నూకరాజు.

"పందెంలో పేలిందేది మరి?" అంది వరహాలమ్మ.

ఇద్దరూ నా వైపు చూశారు. నాకూ సబబే అనిపించింది. ఇంకేముంది! నా నోటికి తువ్వాలు చుట్టి, దారిలో ఎవరికీ గురిపెట్టకుండా మొహం ఆకాశం వైపు తిప్పి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు.

"ఆయుధమేదయ్యా?" అన్నాడు హెడ్డు కానిస్టేబులు.

"ఇదేనండి" అని నన్ను ముందుకి తోసింది వరహాలమ్మ.

"ఇది పేలుతుందా?" అని నవ్వాడాయన.

మన పౌరుషం ఊరుకుంటుందా? తువ్వాలు విప్పి ఒక్క ఢాం అన్నాను. హెడ్డుగారు బల్ల కిందకి పోయారు. పైకొచ్చాక ఇంటికి పొమ్మని బతిమాలారు. నేను వింటానా? చట్టమంటే చట్టమే. పదిహేడు తుపాకుల పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను.

పోలింగు రోజున హెడ్డుగారు వచ్చి, "ఈ పూటైనా బయటికెళ్ళి ఓటేసి రావయ్యా" అన్నాడు.

ఆయన అమాయకత్వానికి నాకు నవ్వొచ్చింది.

"ఆయుధాలకి ఓటెక్కడిది బాబూ?" అన్నాను.