ఈగను ఉమ్మేసే చేప

ఏం చూశారో చెప్పండి! కొండమీది చెరువులో ట్రౌట్ చేప పైకి లేచింది. ఈగను నోట పట్టింది. మరుక్షణం తుపుక్కున ఉమ్మేసింది. చూశారా, లేదా? చూసి కూడా నోరు మెదపరేం?

సరే, వినండి. ఒకప్పుడు ట్రౌట్‌కి ఉమ్మడమే తెలీదు. నీళ్లమీద వాలిందల్లా గుటుక్కున మింగేది.

చలికొండ చెరువులో చుక్కి అనే ట్రౌట్ ఉండేది. ఒంటినిండా చుక్కలు, కడుపునిండా ఆకలి. చలికాలమంతా చెరువు గడ్డకట్టి, తిండి లేక చిక్కిపోయింది. మంచు కరిగిన ఈ కాసిన్ని రోజుల్లో ఈగలు తినకపోతే గుడ్లు పెట్టే బలం రాదు.

సరిగ్గా అప్పుడే చేపలు పట్టే బుద్రన్న గాలం పట్టుకుని వచ్చాడు. చుక్కి చూస్తుండగానే దాని అక్కను లాగేశాడు. గట్టుమీదే పొట్ట చీల్చాడు.

"పొట్ట కోస్తేగాని దాని మనసు తెలీదేంటయ్యా నీకు?" అంది పెళ్లాం దాలమ్మ.

"మనసెవడికి కావాలే? ఏం మేసిందో కావాలి. ఇదిగో, గోధుమరంగు ఈగలు. ఆ కోడి ఈక ఇలా తే."

ఈకను దారంతో కొక్కేనికి చుట్టాడు. అచ్చం ఈగే!

చుక్కి అదంతా చూసింది. వీపుమీద తెరచాపంత రెక్క ఉన్న గ్రేలింగ్ చేప దగ్గరికి ఈదింది.

"అత్తా, నేను ఏది తినను?"

"పిచ్చిదానా, మీ అక్క తిన్నదే తిను. రోజూ తినేదాంట్లో మోసమేముంటుంది?"

"అక్క తిన్నదే కదా అతను కడుతున్నాడు!"

అత్త మాట మార్చింది. "అయితే అది తినకు."

"చెరువునిండా అవేగా ఉన్నాయి!"

"అయితే తిను. అబ్బ, నా బుర్ర మాత్రం తినకే!"

చుక్కి గాలిని అడిగింది.

"కదిలేదే నిజం ఈగ," అంది గాలి. అంతలోనే తడబడింది. "అయినా, అన్నిటినీ కదిపేది నేనే కదా!"

పైన రెండు ఈగలు తేలుతున్నాయి. ఒకే రంగు, ఒకే రెక్కలు. తింటే చావు. తినకపోయినా చావే. ఊరికే చూస్తూ కూర్చుని బతికినవాడెవడు? కళ్లు మూసుకుందామంటే చేపకు రెప్పలే లేవాయె. చుక్కి పైకెగిరి ఒకదాన్ని పట్టింది.

నోటికి ఇనుము తగిలింది. తుపుక్! బుద్రన్న లాగేలోపే ఉమ్మేసింది.

"పట్టింది, పట్టింది! అరే, పోయింది!"

"పట్టిందా, పోయిందా? ఏదో ఒకటి చెప్పవయ్యా," అని దాలమ్మ పకపకా నవ్వింది.

చుక్కి రెండోదాన్ని పట్టింది. మెత్తగా ఉంది. అయినా భయంతో దాన్నీ ఉమ్మేసింది. ఉమ్మి, బిత్తరపోయి, వెనక్కి తిరిగి మింగింది. అలా పట్టి, ఉమ్మి, మళ్లీ పట్టి కడుపు నింపుకుంది. గుడ్లు పెట్టింది.

అప్పటినుంచే ట్రౌట్ ఈగను నోట పట్టి చూస్తుంది, తేడా తగిలితే ఉమ్మేస్తుంది. ఒక్కోసారి తికమకపడి అసలు ఈగనూ ఉమ్మేస్తుంది, ఈనాటికీ.

మరి మీరు రోజూ తినే తిండి రూపంలోనే గాలం వస్తే, దాన్ని ఎలా గుర్తుపడతారు?