ఒక్క మాట పండితుడు

వానలు మొహం చాటేసిన ఏడాది. చాకిరేవు దగ్గర గాడిద ఎండుటాకులు నములుతుంటే నక్క వచ్చి పక్కన చతికిలబడింది. ఈ నక్క తనకు ఏడు భాషలు వచ్చని చెప్పుకునేది. ఆ ఏడింట్లో ఒక్కటీ రానివాళ్లందరూ నమ్మారు.

"గాడిదన్నా, ఒంటెల దేశం పోదాం వస్తావా? అక్కడ శనగపొట్టు గుట్టలుగా పోసి ఉంటుంది."

"వాళ్ల భాష నాకు రాదు కదా బావా?"

"నేను నేర్పుతాగా! ఎవరేమడిగినా 'గుర్ర్' అను. అవునని అర్థం. ఎంత మర్యాదస్తుడని నెత్తిన పెట్టుకుంటారు."

"మరి కాదనాలంటే?"

"చుట్టపుచూపుగా పోయి కాదంటావా? సిగ్గులేదూ!"

గాడిద దారి పొడవునా 'గుర్ర్' వల్లె వేసింది. మూడు రోజుల్లో ఉచ్చారణ దివ్యంగా కుదిరింది.

సరిహద్దులో ఒంటెల పెద్దమ్మ ఎదురొచ్చి, తన భాషలో "ఉప్పు మూటలు మోస్తావా?" అని అడిగింది.

"గుర్ర్."

"పొద్దుగూకే దాకా?"

"గుర్ర్."

ఇంత మంచి జంతువును ఎన్నడూ చూడలేదని ఒంటెలు ముచ్చటపడ్డాయి. తీసుకొచ్చిన నక్కను "ఖర్జూరాలు తింటావా?" అని అడిగాయి. నక్కా "గుర్ర్" అంది. పండితుడు కదా!

శనగపొట్టు నిజంగానే ఉంది. తినడానికి తీరికే లేదు. నెల తిరిగేసరికి గాడిద వీపు పుండయింది.

"బావా, ఇక ఇంటికి పోతానని వాళ్లకు చెప్పవా?"

"చెప్పానన్నా. ఉండమని బతిమాలుతున్నారు. నువ్వంటే అంత ప్రాణం!" అంది నక్క, ఖర్జూరపు గింజ ఊస్తూ.

ఇక లాభం లేదని గాడిద తనే చదువు మొదలుపెట్టింది. మూటను మూతితో పొడిచి పెద్దమ్మ ముఖంలోకి చూసేది. పెద్దమ్మ దాని పేరు చెప్పేది. తప్పు పలికితే ఒంటెలన్నీ కింది పెదవి వేలాడేసి నవ్వేవి. గాడిదకు చచ్చేంత సిగ్గేసేది. మర్నాడు మళ్లీ ఇంకో మాట అడిగేది. నేర్చుకునే కొద్దీ దానికి ఇంకో సంగతి కూడా తెలిసింది. నక్క బావకు వచ్చింది ఆ ఒక్క మాటే.

"ఏమిటన్నా ఆ వంకర మాటలు? వ్యాకరణమా పాడా! నా పరువు తీస్తున్నావు," అని నక్క ఈసడించింది.

ఇంతలో ఉప్పు బిడారు ఎడారి లోపలికి బయల్దేరే రోజు వచ్చింది. వెళ్తే ఏడాది దాకా తిరిగి రాదు. ఈ పుండు వీపుతో గాడిద అసలు తిరిగే రాదు. పెద్దమ్మ మూటలు ఎత్తబోయేసరికి గాడిద తనకు వచ్చిన మాటలన్నీ కూడదీసుకుంది.

"నేను వద్దు. వీపు నొప్పి. ఇల్లు. నక్క... ఉప్పు... ఇష్టం."

ఒంటెలు పగలబడి నవ్వాయి. ఒక్క ముక్కకూ పొందిక లేదు. విషయం మాత్రం పూర్తిగా అర్థమైంది. పెద్దమ్మ నక్క వైపు తిరిగి, "నువ్వు మోస్తావా?" అంది.

ఖర్జూరాల వేళయిందనుకుంది నక్క. "గుర్ర్!"

"ఏడాది పాటు?"

"గుర్ర్, గుర్ర్!"

ఒంటెలు నక్క ఒడ్డూ పొడుగూ చూసి, తగ్గ మూటే కట్టాయి. అయినా కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి.

"అన్నా! వద్దనడానికి వీళ్ల భాషలో ఏమంటారు? చెప్పి పో అన్నా!"

"పెద్దమ్మను అడుగు బావా. ఓపిగ్గా చెబుతుంది, రోజుకో మాట," అని గాడిద ఇంటిదారి పట్టింది.

నీతి: పరాయి భాష తప్పుల్తో మాట్లాడితే నవ్వుతారు, అంతే, నేర్చుకోకుండా తలూపితే మాత్రం మూట ఎత్తుతారు.