వాగు దారిలో నిలబడ్డవాళ్ళు

పాలకోన అడవిలో అడవిదున్నలు, దుప్పులు, ముళ్ళపందులు, కుందేళ్ళు ఉండేవి. వాగు దాటితే తుమ్మకోన అడవి. అక్కడా అవే జంతువులు. వాగు మలుపులో ఒక ఉప్పునేల ఉండేది. రెండు అడవులవాళ్ళూ వచ్చి ఆ మట్టి నాకి వెళ్ళేవారు.

పాలకోన దున్నరాజు గండికొమ్ముకు ఆ నేలంతా తనకే కావాలనిపించింది. నిరుడు చలికాలంలో కుర్రదున్నల్ని తుమ్మకోన మీదికి యుద్ధానికి పంపాడు. ఒక్కటీ తిరిగి రాలేదు.

అప్పటినుంచి పొగమంచు కమ్మిన ఉదయాల్లో వాగు వైపు నుంచి గిట్టల చప్పుడు వినిపించేది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు.

పోయినవాళ్ళలో ముసలి ఆడదున్న మసకమ్మ కొడుకు కూడా ఉన్నాడు. ఆ చప్పుడు వినబడితే ఆమె మేత మానేసి అటే చూసేది.

ఈ ఏడు కొత్తగా ఎదిగిన కుర్రదున్నలతో గండికొమ్ము మళ్ళీ యుద్ధం ప్రకటించాడు. మర్నాడు పొద్దున్నే మసకమ్మ వెళ్ళి వాగు దారికి అడ్డంగా నిలబడింది. రెండోరోజు ఒక దుప్పి వచ్చి పక్కన నిలబడింది. తర్వాత ముళ్ళపంది, కుందేళ్ళు, మిగిలిన తల్లిదున్నలు వచ్చాయి. ఎవరూ అరవలేదు.

రాజుగారి మంత్రి నక్క చూసి నవ్వింది. "అత్తా, ఊరికే నిలబడితే యుద్ధాలు ఆగుతాయా?"

"ఆగుతాయో లేదో నాకు తెలీదు నాయనా," అంది మసకమ్మ. "నిరుడు మావాడు వెళ్తుంటే తల వంచుకుని గడ్డి మేశాను. ఈసారి మేయలేను."

దండు కదిలిన రోజు మంచు దట్టంగా ఉంది. అడ్డొచ్చినవాళ్ళను తొక్కుకుంటూ పొమ్మన్నాడు రాజు. కుర్రదున్నలు దగ్గరికొచ్చాయి. ఎదురుగా ఎవరి తల్లి మొహం వాళ్ళకు కనిపించింది. అడుగులు నెమ్మదించాయి.

అప్పుడే వాగు వైపు నుంచి గిట్టల చప్పుడు మొదలైంది. దగ్గరికొచ్చి, సరిగ్గా మసకమ్మ వెనక ఆగిపోయింది. ఆమె మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. ఆమె వెనక్కి తిరగలేదు.

కుర్రదున్నలు ఆమె భుజం మీదుగా చూస్తూ నిలబడిపోయాయి. ఏం చూశాయో ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఒక్కొక్కటే వెనక్కి మళ్ళాయి.

"నేనొక్కణ్ణే చాలు," అంటూ గండికొమ్ము వరసను తోసుకుని వాగు దాటాడు. అవతలి గట్టున తుమ్మకోన తల్లులు కూడా వరసగా నిలబడి ఉన్నారు. కొమ్ములు దించి పోరుకు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. రాజు శత్రువును వెతుక్కుంటూ మంచులో తిరిగి తిరిగి ఊబిలో దిగబడ్డాడు. మధ్యాహ్నం దాకా అతని రంకె వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

మంచు వల్లే యుద్ధం ఆగిందని నక్క అందరికీ చెప్పింది. మసకమ్మ వాదించలేదు. కొడుకు ఎలాగూ తిరిగి రాడు. ఆమె నెమ్మదిగా ఉప్పునేలకు వెళ్ళింది. అవతలి గట్టు నుంచి కొడుకును పోగొట్టుకున్న మరో తల్లిదున్న వచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి మట్టి నాకారు.

నీతి: అడ్డంగా నిలబడితే రాజు మనసు మారకపోవచ్చు, అతని వెనక నడిచేవాళ్ళ మనసు మారుతుంది. వాళ్ళు నడవకపోతే యుద్ధం లేదు.