ఏదుపంది అవ్వకు మూడు దుంపలు

అనగనగా, ఇప్పపూలు రాలి నేలంతా తియ్యని వాసన వేసే ఒక అడవిలో, మధుమతి అనే ఎలుగుబంటి నివసించేది. ఆమెకు ఒక్కటే కూన. మిరియపు గింజలా నల్లగా, గుండ్రంగా ఉంటుందని దానికి మిరియం అని పేరు పెట్టుకుంది.

పిల్లలారా, ఎలుగుబంట్లకు ఒక ఆచారం ఉంది. తల్లి ఎక్కడికి వెళ్ళినా కూనను వీపున ఎక్కించుకునే వెళుతుంది. మధుమతి కూడా అలాగే చేసేది. అయితే ఆమె పని కొండచరియ మీద తేనెపట్లు దించడం. వానలు మొదలయ్యేలోగా తేనె కూడబెట్టుకోకపోతే తల్లీబిడ్డలకు వానకాలం గడవదు. ఒకనాడు తేనెటీగలు రేగి మిరియం చెవులనూ ముక్కునూ కుట్టాయి. కూన వీపు మీద గింజుకున్నది. తల్లి కాలు జారింది. కింద దట్టమైన పొద ఉండబట్టి ఇద్దరూ బతికారు.

ఆ సాయంకాలం కూన చెవులను నాకుతూ మధుమతి ఒక నిశ్చయానికి వచ్చింది. ఇక బిడ్డను చరియకు తీసుకుపోరాదు. పగలు చూసుకునేవారిని వెతకాలి.

మొదట ఆడనెమలి ఇంటికి వెళ్ళింది. వాకిలి అద్దంలా ఉన్నది. పిల్లలకు మెత్తని ఈకల పడకలు ఉన్నాయి. రోజుకు రెండు నిండు తేనెపట్లు ఇమ్మని నెమలి మర్యాదగానే అడిగింది. దినమంతా చరియకు వేలాడితే మధుమతికి దొరికేవే రెండు. ఆమె నమస్కరించి వెనుదిరిగింది.

దారిలో మామిడికొమ్మ మీద కోకిల కనిపించి సంగతంతా అడిగి తెలుసుకుంది.

"దీనికింత దిగులెందుకు వదినా? కాకమ్మ గూటిలో పెట్టి వచ్చెయ్యి. మా ఇంట తరతరాలుగా అదే పద్ధతి" అన్నది కోకిల.

"మరి సాయంత్రం ఎన్నింటికి తెచ్చుకుంటారు?" అని మధుమతి అడిగింది.

"తెచ్చుకోవడమా?" అని కోకిల ఆశ్చర్యపోయింది.

మధుమతి ముందుకు నడిచింది.

మూడవసారి ఏదుపంది శలాకమ్మ బొరియ ముందు ఆగింది. శలాకమ్మ ముసలిది. పగలంతా నిద్రపోవడం ఏదుపందుల అలవాటు. వయసు మీద పడి ఆమెకు ఆ నిద్ర ఎప్పుడో కరువైంది. బొరియ లోతుగా, చల్లగా ఉంటుంది. అయినా ఆమె ముళ్ళకు వెరచి ఎవ్వరూ బిడ్డలను అప్పగించేవారు కారు. మిరియం మాత్రం భయపడలేదు. తిన్నగా పోయి అవ్వ ముందు బోర్లా పడుకున్నది. అవ్వ తన ముళ్ళన్నిటినీ వెనక్కి మడిచి, దాని తల నిమిరింది.

"రోజుకు మూడు దుంపలు పెట్టు తల్లీ. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకే వేళకు ఒకటి" అన్నది శలాకమ్మ.

ఆ కొండనేల రాతినేల. ఒక్క దుంప తవ్వేసరికి గోళ్ళు అరిగిపోతాయి. మూడు తవ్వితే తేనెకు వెళ్ళే వేళ మించిపోతుంది. మధుమతి బేరమాడింది.

"నువ్వు చేసేదేమున్నదవ్వా? నీడపట్టున కూర్చోవడమే కదా. ఒక దుంప ఇస్తాను."

"కూర్చోవడం కాదమ్మా, కన్ను తిప్పకుండా ఉండడం" అన్నది అవ్వ. కాని వేరే పని ఇచ్చేవారు లేరు. కాసేపు ఆలోచించి సరేనన్నది.

అయిదు రోజులు బాగానే సాగింది. ఆరవనాటి మధ్యాహ్నం మధుమతికి తేనె త్వరగా దొరికింది. సంతోషంగా వచ్చి చూస్తే బొరియలో కూన లేదు. అవ్వ లేదు. మధుమతి నోటిలోని తేనెపట్టు జారి నేలపై పడింది. వాసన పట్టుకుంటూ వాగువైపు పరుగెత్తింది.

వాగు ఒడ్డున ఒక రాతినెర్రె ఉన్నది. ఆ నెర్రెలో మిరియం నక్కి ఉన్నది. దానికి ఎదురుగా ఒక దుమ్ములగొండి తిరుగుతున్నది. నెర్రెకు అడ్డంగా, ముళ్ళన్నీ విప్పుకొని, శలాకమ్మ వీపును దానివైపు తిప్పి నిలబడి ఉన్నది. ఆమె అడుగైనా కదలలేదు. మధుమతి గర్జన విని దుమ్ములగొండి తొలగిపోయింది.

కూనను గుండెకు హత్తుకొని మధుమతి కోపంగా అడిగింది. "బిడ్డను వదిలి ఎక్కడికి పోయావవ్వా?"

అవ్వ మూతికంతా మట్టి అంటుకొని ఉన్నది.

"ఆకలికి తాళలేక దుంప తవ్వుకోను పోయాను. లోపలే ఉండమన్నాను, చిన్నది వినలేదు. పోవడం నా తప్పే తల్లీ. కాని ఒక్క దుంపతో నాకు పొద్దు గడవదు, మూడు కావాలని నీకు మొదటినాడే చెప్పాను."

మధుమతి ఆ మట్టి మూతిని చూసింది. తాను తగ్గించింది రెండు దుంపలను కాదని, తన బిడ్డ మీద నిలిచే చూపునని ఆమెకు అప్పుడు బోధపడింది.

కాని రోజూ మూడు దుంపలు తవ్వే శక్తి ఆమెకు నిజంగానే లేదు. మరునాడు ఆమె మడుగుకు వెళ్ళి నీటికుక్క నీరజను కలిసింది. నీరజ పిల్లకు ఇంకా ఈత రాదు. దాన్ని ఒడ్డున వదిలి, మునిగిన ప్రతిసారీ బెంగపడుతూ తేలుతున్నది. అక్కడినుండి కణుజు అనే పెద్దజింక హరిణి దగ్గరకు వెళ్ళింది. ఆమె తన పిల్లను గడ్డిలో దాచి మేతకు పోయి, నాలుగు పరకలు కొరికి తిరిగి పరుగెత్తుకు వస్తున్నది. మధుమతి జరిగినదంతా, తన పిసినారితనంతో సహా, దాచకుండా చెప్పింది.

మడుగులో కలువదుంపలు నీరజకు ఒక్క మునకతో దొరుకుతాయి. మేతకు పోయే దారిలో హరిణికి ఉసిరికాయలు కాలికి తగులుతాయి. మధుమతి రోజుకు ఒక దుంప తవ్వగలదు. ముగ్గురూ తమ పిల్లలను శలాకమ్మ దగ్గరే ఉంచి, పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, పొద్దుగూకే వేళకు ఒకరు అవ్వకు ఆహారం తేవాలని నిర్ణయించుకున్నారు.

ముగ్గురు పిల్లలంటే అవ్వకు కష్టమేమో అని మధుమతి సంకోచించింది.

శలాకమ్మ నవ్వింది. "ఒక్కతే ఉంటే నా మీదపడి ఆడుతుంది. ముగ్గురైతే వాళ్ళలో వాళ్ళు ఆడుకుంటారు. నాకే సుఖం."

అప్పటినుండి అవ్వ బొరియ విడిచి కదలలేదు. వానలు మొదలయ్యేసరికి మధుమతి గుహలో తేనె నిండింది.

ఒకనాడు కోకిల వచ్చి బొరియ ముందు వాలింది. లోపలి కేరింతలు కాసేపు విన్నది.

"అవ్వా, ఇంకొక్క బిడ్డకు చోటుందా?" అని అడిగింది.

"చోటుకేమమ్మా, ఉన్నది. సాయంత్రం వచ్చి తీసుకుపోయే తల్లి ఉండాలి" అన్నది శలాకమ్మ.

నీతి: తమ బిడ్డను కాచేవారి ఆకలిని తమ ఆకలిగా తలచిన తల్లిదండ్రులే నిశ్చింతగా పనికి వెళ్ళగలరు.