చిలకమ్మ ఊదిన గాలి

కొండకి రోడ్డు కొత్త, మనుషులకి చలి పాత. ఆ రోజుల్లో జరిగిన మాట ఇది. ఊ కొట్టండి మరి, ఊ కొట్టకపోతే నేను చెప్పను.

కొండ మీద సంతలో చిలకమ్మ అని ఒకామె ఉండేది. గోనెపట్టా పరుచుకుని గొడుగులూ టార్చిలైట్లూ బాగుచేసేది. అది మొగుడు చేసిన పని. ఆయన పోయాక పనిముట్ల సంచీ ఈవిడ భుజానికెత్తుకుంది. "ఆడది లైట్లు బాగుచెయ్యడమేటి?" అని నవ్వినవాళ్ళే, లైటు ఆరిపోతే ఆమె దగ్గరికే పరిగెత్తుకొచ్చేవారు. ఏ వస్తువు చేతికొచ్చినా చిలకమ్మ మూడు మాటలు అడిగేది. ఆ వస్తువునే అడిగేది, మనిషినడిగినట్టు.

"చోటుందా? ఓపికుందా? తిండుందా?"

కదలడానికి చోటుండాలి. కదిలే ఓపికుండాలి. కరెంటనే తిండి అందాలి. మూడూ ఉంటే ఏదైనా పనిచేసి తీరుతుందని ఆమె నమ్మకం.

ఒక పుష్యమాసం, సంతరోజు. పొద్దెక్కినా మంచు వదల్లేదు. చిన్నాస్పత్రిలో నెలలు నిండకుండా ఒక ఆడపిల్ల పుట్టింది. పిడికెడు పిల్ల. నర్సమ్మ చూసి, "కింద పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలి. దారిలో చలి తగిలిందా, పిల్ల దక్కదు" అంది.

జీపులకి తలుపుల్లేవు. తలుపులున్న బండి ఊరు మొత్తానికి సన్నిబాబు కారొక్కటే. ఎక్కడో చలిదేశంలో పుట్టి, చేతులు మారి మారి వచ్చిన పాత కారది. అందులో హీటరుంది. ఇంజను వేడిని ఫ్యాను లోపలికి ఊదాలి. ఊదితే పిల్లకి వెచ్చగా ఉంటుంది, అద్దానికి పట్టిన ఆవిరీ విడుతుంది.

ఆ ఫ్యానే తిరగలేదు.

సన్నిబాబు మీట నొక్కాడు, తిరగలేదు. గుద్దాడు, తిరగలేదు. తిట్టాడు. తిట్టినా తిరగలేదు, దానికేం సిగ్గా శరమా? పోనీ అలాగే దిగుదామని మొదటి మలుపు దాకా పోనిచ్చాడు. లోపలివాళ్ళ ఊపిరికి అద్దం తెల్లగా మూసుకుపోయింది. ముందున్నది రోడ్డో లోయో తెలీక వెనక్కొచ్చేశాడు. పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. పిల్ల అమ్మమ్మ బోరుమంది.

ఆ ఏడుపు విని చిలకమ్మ సంచీతో సహా వచ్చింది.

"తప్పుకో తమ్ముడూ, నేను చూస్తాను."

"ఇది గొడుగు కాదప్పా, కారు! ఎల్లెల్లు," అన్నాడు సన్నిబాబు.

వెళ్ళమన్నాడు. చిలకమ్మ వెళ్ళలేదు.

మీట కిందకి తల దూర్చింది. "చోటుందా?" అని ఫ్యాను గూట్లో చెయ్యి పెట్టింది. ఓలమ్మో, ఎలుక గూడు! పీచు, పేలికలు, వేరుశనక్కాయ తొక్కలు. గుప్పిళ్ళతో లాగి పారేసింది. మీట నొక్కింది. తిరగలేదు.

"అయిందా సంబడం? ఇంక ఎల్లు."

వెళ్ళమన్నాడు. చిలకమ్మ వెళ్ళలేదు.

"ఓపికుందా?" అని మోటారు వైర్లు ఊడదీసి, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చింది. మోటారు మూలిగింది. ముసలాయన మంచం దిగినట్టు కదిలింది. ఇరుసు మీద గొడుగులకేసే నూనె రెండు చుక్కలేసి, వేలితో నాలుగుసార్లు తిప్పి మళ్ళీ ఇచ్చింది. ఝుమ్మని తిరిగింది!

"ఓపికకేం లోటులేదు. మరి దీని తిండి ఎవరు తినేస్తున్నారు?"

"ఎవరు తింటే నీకేటప్పా, పిల్ల పోతోంది, ఎల్లు!"

వెళ్ళమన్నాడు. చిలకమ్మ వెళ్ళలేదు.

"తిండుందా?" అని కారు బల్బుకి రెండు వైర్లు కట్టింది. బ్యాటరీ దగ్గర పెడితే వెలిగింది. ఫ్యూజు దగ్గర పెడితే వెలిగింది. మీట దగ్గర పెడితే వెలగలేదు. మధ్యలో వైరు పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ పోయింది. వైరు కోసేసి ఉంది. కోసిన కొస పైకి పోయి, సింహాద్రి అప్పన్న పటం చుట్టూ మెరిసే రంగు దీపాలకి అతుక్కుంది. కింద ఊళ్ళ ఎండల్లో హీటరెందుకని ఏ మేస్త్రీయో ఫ్యాను తిండి తీసి దేవుడికి పెట్టేశాడు.

ఫ్యానుకీ దీపాలకీ కలిపి కరెంటిచ్చి చూసింది. ఫ్యూజు టప్పున మాడిపోయింది. ఇంక మిగిలిన ఫ్యూజు ఒక్కటే.

"దీపాలు తీసెయ్యాలి," అంది.

సన్నిబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. "లోయలో పడి బతికినప్పుడు మొక్కుకున్నానప్పా. చక్రం తిరిగినంతసేపూ సామి దీపం ఆరనివ్వనని. అది ఆర్పేసి ఈ ఘాటీ మలుపులు దిగమంటావా? అందర్నీ చంపేస్తావా?"

నర్సమ్మ కూడా పటం వైపు చూసి దణ్ణం పెట్టుకుంది. చిలకమ్మకి మాత్రం భయం లేదా? ఆమె ఇలవేల్పూ అప్పన్నే. అయినా అక్కణ్ణించి కదల్లేదు.

"ఒరే తమ్ముడూ, ఏడాది పొడుగునా చందనం పూసుక్కూచున్న సామికి చలేటిరా? చలి ఈ పసిగుంటకి. పాపమైతే నా నెత్తినెయ్యి. చిలకమ్మ తీయించిందని నా పేరు చెప్పు."

సన్నిబాబు పటం వంక చూశాడు. పిల్ల వంక చూశాడు. లెంపలేసుకుని, దీపాల వైరు తన చేత్తోనే పీకేశాడు. చిలకమ్మ ఆ కొసని ఫ్యాను మీటకి అతికి, ఆఖరి ఫ్యూజు పెట్టింది.

ముందు దుమ్మొచ్చింది. తర్వాత చల్లగాలి. ఆ తర్వాత నర్సమ్మ అరచెయ్యి అడ్డం పెట్టి, "వచ్చింది! వేడొచ్చింది!" అని అరిచింది. అద్దం మీద ఆవిరి చూస్తుండగానే విడిపోయింది. కారు ఘాటీ దిగింది.

ఆ రోజు చిలకమ్మ గోనెపట్టా పరవలేదు. "అప్పన్నా, నా మాట నిలబెట్టు తండ్రీ" అనుకుంటూ రోడ్డు పక్కనే కూర్చుంది. ఎవరు పిలిచినా లేవలేదు. పొద్దువాలే వేళకి కారు తిరిగొచ్చింది. ఆఖరి మలుపులోంచే సన్నిబాబు కేకేశాడు: "దక్కిందప్పా! పిల్ల దక్కింది!" పొద్దుట్నించీ ఆపుకున్న ఏడుపు చిలకమ్మకి అప్పుడు తన్నుకొచ్చింది. సంతంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత ఎన్ని సంతలు కూడాయో, ఎన్ని గొడుగులు బాగయ్యాయో. చిలకమ్మ పెద్దదై, ఒక వానాకాలం కన్నుమూసింది.

ఇప్పటికీ చలికాలంలో ఆ ఘాటీ దిగేముందు డ్రైవర్లు ఫ్యాను వేసి అరచెయ్యి అడ్డం పెడతారు. "చిలకమ్మ ఊదిందా?" అని వెనకవాళ్ళు అడగాలి. "ఊదింది" అన్నాకే బండి కదుల్తుంది. ఆ కొండ బళ్ళలో అప్పన్న పటముంటుంది, పువ్వుంటుంది, చుట్టూ దీపాలు మాత్రం ఉండవు. కిందినించి వచ్చినవాళ్ళు చూసి, "అదేటి, దేవుణ్ణి చీకట్లో పెట్టారు?" అంటారు.

"మేం పెట్టలేదు బాబూ," అంటారు వాళ్ళు. "సామే తన దీపం పిల్లకిచ్చేశాడు."